అమ్మకు ఇచ్చిన సూది

24 ఫిబ్రవరి 1993, విభూది బుధవారం

పట్నం నుంచి వచ్చేశాం. పెద్ద దవాఖానలో బాపును చూసిన డాక్టరు నన్ను పక్కకు పిలిచి, "మీరు నర్సే కదమ్మా, మీకు వేరే చెప్పాలా" అన్నాడు. చెప్పకపోతే నాకెలా తెలుస్తుంది? తిరుమలగిరి అవతల పల్లెలో సిస్టర్ల దవాఖానలో పురుళ్ళు పోసే నర్సుని నేను. వెన్నుపూసలోకి పాకిన క్యాన్సర్ ఏం చేస్తుందో నాకెవరు నేర్పారు? ఇంటికి తీసుకెళ్ళండి, నొప్పి లేకుండా చూసుకోండి, చేయగలిగింది అదే అన్నాడు. మార్ఫిన్ సూదులు రాసిచ్చాడు. మా పెద్ద నర్సు సిస్టర్ ఆలీస్ వాటిని బీరువాలో పెట్టి తాళం వేసింది.

జీపు దిగగానే బాపు ఇంటికి పోదాం అనలేదు, గుడికి పోదామన్నాడు. నుదుట బూడిద పెట్టించుకుంటే గానీ కుదరదట. ఉపదేశి కదా మరి. ముప్పై ఏళ్ళు ఫాదర్లు రాలేని పల్లెలన్నీ తిరిగి జపాలు నేర్పిన మనిషి, చావుబతుకుల్లో ఉన్నవాళ్ళ పక్కన కూర్చుని ధైర్యం చెప్పిన మనిషి. ఇప్పుడు ఆయనకు ఎవరు చెప్పాలి?

పక్కింటి గాజుల అమీరున్నీసా చిన్నమ్మ రోజా ఉండి కూడా మాకు వండి పెట్టింది. వాళ్ళ రంజాను, ఈస్టరుకు ముందు మా నలభై రోజుల తపఃకాలం ఈసారి ఒక్కసారే వచ్చాయి.

అమ్మ గురించి రాయడానికి కాదు ఈ డైరీ. అమ్మ సంగతి నేను ఎప్పుడో మరిచిపోయాను.

27 ఫిబ్రవరి

నొప్పి మొదలైంది. మొదలవడమేమిటి, పట్నంలోనే ఉంది, దాచుకున్నాడంతే. ఇవాళ మంచం పట్టె పట్టుకుని బిగుసుకుపోయాడు. సూది తెచ్చాను.

"ఒద్దు బిడ్డా."

"ఎందుకొద్దు?"

"తపఃకాలం గదా. ప్రభువుకు అప్పజెప్తున్న."

"తపఃకాలంల చుట్ట మానెయ్యమంటరు, నీసు మానెయ్యమంటరు. సూది మానెయ్యమని ఎవలన్నరు బాపూ?"

నవ్వబోయాడు. నవ్వితే నడుము కదిలింది. ఇక నవ్వలేదు.

రోజూ ఇచ్చే బలం సూది మాత్రం వేయించుకున్నాడు. దానికి చెయ్యి చాపుతాడు, దీనికి చాపడు.

1 మార్చి

సిస్టర్ ఆలీస్ వచ్చి తన మలయాళపు తెలుగులో అరగంట బతిమాలింది. "మా ఉపదేశిగారు నా మాట వినరా" అని ఏడ్చింది కూడా. ఆమె ఏడిస్తే బాపు ఓదార్చాడు. మందు మాత్రం వద్దన్నాడు.

3 మార్చి

కాస్త నయం. గంజి తాగాడు. పట్నం డాక్టరు పొరబడ్డాడేమో అనిపిస్తోంది. వాళ్ళు మాత్రం మనుషులు కారా?

4 మార్చి

నయం లేదు.

5 మార్చి, శుక్రవారం

గుడిలో సిలువ మార్గం ప్రార్థన అయ్యాక ఫాదర్ చిన్నప్ప ఇంటికి వచ్చారు. గుంటూరు వైపు మనిషి, వయసు నాకంటే రెండేళ్ళు తక్కువే ఉంటుంది. బాపుకి సత్ప్రసాదం ఇచ్చి, పక్కన కూర్చుని, తొందరేమీ లేనట్టు మాట్లాడారు. నేను గుమ్మం దగ్గరే ఉన్నాను.

"ఉపదేశిగారూ, నొప్పికి మందు వేసుకోవడం పాపం కాదండీ. మన శ్రీసభ, పోపుగారే, ఎప్పుడో చెప్పారు. ఆ మందు వల్ల మత్తు వచ్చినా, ఆయుష్షు ఒక గడియ తగ్గినా, మనం కోరేది నొప్పి తగ్గడమే గానీ చావు కాదు కదా."

"పాపమని నేనన్లే స్వామీ. ఎవలన్న తీస్కుంటె నేను తప్పు వట్ట. నాకే ఒద్దు."

"ఎందుకొద్దు?"

"సిలువ మీద ప్రభువుకు మత్తు కలిపిన ద్రాక్షరసం ఇయ్యవోతె ముట్టిండా? నేను ఎంతమందికి జెప్పిన ఆ ముచ్చట! ఇగ నా వంతు వచ్చేసరికి నేను తాగాల్నా?"

ఫాదర్ బాపు దుప్పటి సర్ది, "ఆయన తాగలేదు, నిజమే. కానీ తెచ్చినవాళ్ళను కోప్పడలేదు కూడా. మనం ఆయనకంటే గట్టివాళ్ళం కానక్కరలేదండీ" అన్నారు.

బాపు కళ్ళు మూసుకున్నాడు. చర్చలో ఓడిపోయినప్పుడు ఆయన అలాగే చేస్తాడు. ఓడిపోయినా ఒప్పుకోడు.

8 మార్చి

అరిచాడు. మొదటిసారి.

ఇప్పుడు తెలిసిందా బాపూ, నొప్పి అంటే ఎట్లుంటదో, అని అడగాలనిపించింది. నోటిదాకా వచ్చింది. అడగలేదు. నీళ్ళు పట్టించాను, పక్కకు తిప్పాను, దుప్పటి మార్చాను.

నాకు బాపు మీద కోపం లేదు.

9 మార్చి

కోపం లేదు అని ఎందుకు రాశానో తెలియడం లేదు. అడిగిందెవరు?

11 మార్చి

ఇవాళ ఘోరం చేయబోయాను. సిస్టర్‌ని మాటల్లో పెట్టి తాళం అడిగి, బలం సూది మందుకు బదులు సూదిలోకి మార్ఫిన్ ఎక్కించి ఇంటికి తెచ్చాను. రెండూ చూడటానికి నీళ్ళలాగే ఉంటాయి. బాపు ఎప్పటిలా చెయ్యి చాపాడు. చాపి, నా ముఖంలోకి చూసి, "గిది బలం సూదే గదా బిడ్డా?" అన్నాడు.

అనుమానంతో కాదు. ఊరికే అడిగాడు. పసిపిల్లలు మందు చేదా అని అడుగుతారే, అలాగ.  సూది తీసుకెళ్ళి దొడ్లో పారబోశాను. అంత తేలిగ్గా దొరకని మందు మట్టిలో కలిసింది.

సాయంత్రం ఫాదర్ దగ్గరికి పోయి జరిగింది చెప్పాను. ఆయనకు తెలియకుండా ఇస్తే తప్పేమిటి, మీరే కదా పాపం కాదన్నారు అని నిలదీశాను.

"మందు పాపం కాదమ్మా. దొంగతనంగా ఇవ్వడం తప్పు. ఆయనకు తెలివి ఉంది, మాట ఉంది. ఒళ్ళు ఆయనది, మనస్సాక్షి ఆయనది. వద్దనే హక్కు ఆయనకుంది. నువ్వు ఆయన నొప్పి తీసెయ్యొచ్చు గానీ ఆయన మాట తీసెయ్యకూడదు."

"మరి నేనేం చెయ్యాలె? కూసొని సూడాల్నా?"

"కూర్చో. అడుగుతూ ఉండు. ఎందుకు వద్దంటున్నాడో అసలు కారణం కనుక్కో. ఆ ద్రాక్షరసం ముచ్చట కారణం కాదని నాకనిపిస్తోంది."

ఆయనకు చెప్పడం సులువే. ఆయన పోయి గుడిలో పడుకుంటాడు. ఈ కేక పక్కన ఉండేది నేను.

14 మార్చి, ఆదివారం

మేనత్త ఈదమ్మ వచ్చింది. ఆమె మా మతంలో కలవలేదు. తమ్ముడి దేవుడంటే ఆమెకు ఎప్పుడూ కాస్త అలకే.

"ఏం దేవుడే కోడలా, ఇంత నొప్పి పెట్టి సూసుకుంట కూసుండె? మా ఎల్లమ్మకైతె ఒక యాటను గోస్తె సల్లవడ్తది. మీ దేవునికేం గావాల్నో అడుగుపో."

నవ్వొచ్చింది. ఇన్నాళ్ళలో నవ్వింది ఇప్పుడే. ఆ వెంటనే ఏడుపొచ్చింది. అత్త నన్ను ఒళ్ళోకి లాక్కుని, నేను చిన్నపిల్లనైనట్టు వీపు నిమిరింది.

16 మార్చి

తెలిసింది.

మధ్యాహ్నం నొప్పి కొంచెం సద్దుమణిగింది. ఒళ్ళు తుడుస్తూ మళ్ళీ అడిగాను. నాకోసమన్నా వేసుకో బాపూ, నేను సూడలేకపోతున్న అన్నాను. గోడవైపు తిరిగి ఉన్నాడు. అలాగే ఉండి చెప్పాడు.

"మీ అమ్మకు ఒద్దన్నది నేనే గదా."

నేను తడిగుడ్డ పట్టుకుని నిలబడ్డాను.

"గప్పటి పెద్ద సిస్టర్ సూది వట్టుకొని గడపల దాక వచ్చింది. నేనే ఒద్దన్న. మార్తా, ప్రభువుకు అప్పజెప్దామే అన్న. అది నా దిక్కు జూసి సరే అన్నది. నేనేమంటె గదే అనేది గదా. ఇప్పుడు నేను సూది ఏసుకుంటె, రేపు దాని దిక్కు ఏ మొఖం వెట్టుకొని జూడాలె? నీకైతె ఒద్దన్న, నాకైతె కావాలన్న అని జెప్పాల్నా?"

అమ్మ సంగతి నేను మరిచిపోలేదు. ఒక్కరోజు కూడా మరిచిపోలేదు. అప్పుడు నాకు పదిహేడు. అమ్మకు గర్భసంచిలో పుండు. బాపు ఇంట్లో ఉన్నంతసేపు చీర కొంగు నోట్లో కుక్కుకునేది. ఆయన ప్రార్థనకని పల్లెలకు బయలుదేరి రోడ్డు దాటాక కొంగు తీసి అరిచేది. ఆ అరుపు విని అమీరున్నీసా చిన్నమ్మ గాజుల బుట్ట వదిలేసి పరిగెత్తుకొచ్చేది. నన్ను నీళ్ళకు పొమ్మనేది. బావి దగ్గరికి కూడా వినిపించేది. నేను నర్సునైంది అందుకే. ఎవరికీ చెప్పలేదు, ఇదిగో ఇప్పుడు రాస్తున్నాను.

బాపుకి సగం కూడా తెలియదు. మూలుగు మాత్రమే విన్నాడు. ఆ మూలుగుకే ఇంత శిక్ష వేసుకుంటున్నాడు.

17 మార్చి

"నేను మన్నించిన బాపూ" అన్నాను. అనగలిగాను. అన్నాక నిజమే అనిపించింది కూడా.

"నువ్వు మన్నిస్తె ఏమైతది బిడ్డా? నొప్పి వడ్డది నువ్వా?"

ఫాదర్‌ని పిలిపించాను. బాపు పాపసంకీర్తనం చేసి తన పాపాలు చెప్పుకున్నాడు. ఫాదర్ పాపవిమోచనం ఇచ్చి, నాకు వినపడేలా, దేవుడు క్షమించాక మీరు శిక్ష వేసుకోవడం ఎందుకండీ అన్నారు.

"పాపం క్షమిస్తడు స్వామీ, నాకెరికె. నొప్పి వాపసు తీస్కుంటడా?"

ఫాదర్ బాపు చెయ్యి పట్టుకుని కూర్చున్నారు.  బయటికి వచ్చి నా భుజం తట్టి వెళ్ళిపోయారు.

19 మార్చి, జోజప్పగారి పండుగ

మంచి మరణం ఇచ్చే పునీతుడని జోజప్పగారికి బాపు ఏటా పూలదండ కట్టేవాడు. ఇవాళ పాదాలకు చీమ పాకినా కేక పెడుతున్నాడు. నాలుక కొరుక్కున్నాడు.

జోజప్పా, నీకు కళ్ళున్నాయా?

20 మార్చి, శనివారం

చెప్పేశాను.

ముందు అనుకుని కాదు. దేవుడి మీద ఒట్టు, ముందు అనుకోలేదు. అమీరున్నీసా చిన్నమ్మ బాపు కాళ్ళ దగ్గర కూర్చుని విసురుతోంది. బాపు పిచ్చిపట్టినట్టు తల అటూ ఇటూ కొట్టుకుంటున్నాడు. నా నోట్లోంచి వచ్చేసింది.

"బాపూ, అమ్మ సూది ఏసుకున్నది."

ఆగాడు.

"పెద్ద సిస్టర్ ఇచ్చింది. నువ్వు పల్లెలకు పోయినప్పుడల్ల వచ్చి ఇచ్చిపోయేది. నీకు జెప్పొద్దన్నది అమ్మ. నువ్వు బాధపడ్తవని."

"అబద్ధం."

"నేనే నీళ్ళు కాగవెట్టి ఇచ్చేదాన్ని, సూది ఉడకవెట్టనీకి."

ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలియదు. అబద్ధానికి నా నర్సు చదువు సాయం చేసింది.

"మరి మూలిగేది గదా?"

"నువ్వు ఇంట్ల ఉన్నప్పుడు ఇయ్యరాకపాయె. సూది బలం దిగిపోయేది."

బాపు నన్ను వదిలేసి చిన్నమ్మ వైపు చూశాడు. ఆ ఇంట్లో అప్పుడు ఉన్న మూడో మనిషి ఆమే. పెద్ద సిస్టర్ తన దేశం పోయి అక్కడే చనిపోయింది, ఆమెను అడగడానికి లేదు.

"అమీరూ, నువ్వు జెప్పు. నువ్వు జూసినవా?"

చిన్నమ్మ విసనకర్ర ఆగిపోయింది. అమ్మ అరుపు విని పరిగెత్తుకొచ్చిన మనిషి. అమ్మ గోళ్ళు దిగిన మచ్చలు ఆమె ముంజేతికి ఇప్పటికీ ఉన్నాయి, గాజుల వెనక. నావైపు చూడలేదు. గాజులు కిందికి లాక్కుంది.

"జూసిన ఉపదేశన్నా. సూది ఇచ్చినంక మంచిగ పండుకునేది, పాపం. నేనే తలుపు దగ్గరికేసి వచ్చేదాన్ని."

"నేను లేనప్పుడు సుఖంగున్నదా?"

"ఉన్నదన్నా."

బాపు ఏడ్చాడు. ఇన్ని రోజుల నొప్పికి రాని కన్నీళ్ళు ఇప్పుడు వచ్చాయి. "అయితె మంచిగనే అయింది. నేను పల్లెలెంబడి ఎక్వనే తిరిగేది" అన్నాడు. అని, చెయ్యి చాపాడు.

"ఇయ్యి బిడ్డా. ఆ సూదే ఇయ్యి."

ఇచ్చాను. కాసేపటికి పిడికిళ్ళు విడిపోయాయి. ముఖం మీద గీతలు ఒక్కొక్కటే చదునయ్యాయి. నిద్రపోయాడు.

చిన్నమ్మ వాకిట్లో గోడకు ఆనుకుని కూర్చుంది. "రోజా ఉండి అబద్ధమాడిన బిడ్డా. నాది ఇయ్యాల్టి రోజా పోయినట్టే. పండుగైనంక ఇంకోటి ఉంట" అంది. గాజులు తిప్పుకుంటూ, "మార్తక్క నన్నేమంటదో" అంది.

22 మార్చి

వేళకు వేళకు సూది ఇస్తున్నాను. సిస్టర్ దగ్గరుండి చెప్తోంది. బాపు మళ్ళీ మనిషయ్యాడు. మామిడికాయ తొక్కు అడిగి నాలుకకు రాసుకున్నాడు. ఈదమ్మ అత్తను చూసి, "అక్కా, మీ ఎల్లమ్మకు యాట ఇస్త అని మొక్కినవా ఏంది?" అని ఆట పట్టించాడు. అత్త మొక్కిందట నిజంగానే.

ఇది చాలు. నాకు ఇంకేమీ వద్దు.

24 మార్చి

చాలు అని రాశాను గానీ, బాపు ఆగడం లేదు.

చూడటానికి వచ్చిన వాళ్ళందరికీ చెప్తున్నాడు. "మా మార్త ఎంత గడుసుదో ఎరికేనా? నాకు దెల్వకుండ సూది ఏసుకున్నది. నన్ను ఉపదేశిని జేసి కూసోవెట్టి, అది మాత్రం మంచిగ పండుకున్నది." అని మురిసిపోతున్నాడు. వచ్చినవాళ్ళు నవ్వుతున్నారు. అవునా లూర్దమ్మా అని నన్ను అడుగుతున్నారు. నేను తల ఊపుతున్నాను. ఊపిన ప్రతిసారీ అమ్మ నోట్లో ఆ కొంగు నేనే కుక్కుతున్నాను.

ఊరంతటికీ ఇప్పుడు అమ్మ సుఖంగా పోయింది.

25 మార్చి

రంజాను పండుగ. చిన్నమ్మ సేమియా పంపింది. బాపు రెండు చెంచాలు తిన్నాడు. మాటల్లో మాటగా, "పోంగనె మీ అమ్మను అడుగుత. ఎందుకే నాకు జెప్పకపోతివి, నేనేమన్న కొడ్తుంటినా అని అడుగుత" అన్నాడు.

నవ్వుతూనే అన్నాడు. నేను గిన్నె తీసుకుని వాకిట్లోకి పోయాను.

26 మార్చి

మింగడం ఆగిపోయింది. సెలైన్ సీసా ఎక్కించమని అత్త గొడవ. "నీళ్ళు లేకుండ సంపుతరా మనిషిని?" అంటోంది. సిస్టర్, ఫాదర్ ఇద్దరూ ఓపిగ్గా చెప్పారు. ఒళ్ళు ఇక ఆ నీళ్ళు పట్టుకోలేదు, ఊపిరితిత్తుల్లోకి దిగి ఆయాసం పెంచుతుంది, ప్రాణం నిలిపే సాయం బరువైనప్పుడు మానుకోవచ్చు, అది చంపడం కాదు, పోనివ్వడం అని. పెదాలు తడుపుతూ ఉండండి అన్నారు. ఆ పని అత్తకే అప్పగించాను. దూది ముంచి పెదాలు తుడుస్తూ ఆమె ఊరుకుంది.

ఫాదర్ అవస్థాభ్యంగనం చేశారు. నుదుటికి, అరచేతులకు నూనె రాస్తుంటే బాపు తనే ప్రార్థన అందుకున్నాడు, అలవాటు కొద్దీ. ఫాదర్ తన గొంతు తగ్గించి ఆయన్నే చెప్పనిచ్చారు.

28 మార్చి, ఆదివారం

పోయాడు. పగలే, పూజ గంట కొట్టాక. నొప్పి లేదు. చివర ఒక మాట అన్నాడు, "మార్త" అని. పిలిచినట్టు కాదు. ఎదురొచ్చిన మనిషిని గుర్తుపట్టినట్టు.

29 మార్చి

అమ్మ పక్కనే పెట్టారు.

3 ఏప్రిల్

పాపసంకీర్తనానికి పోయాను. జాలీ అవతల ఫాదర్ చిన్నప్ప. మొత్తం చెప్పాను, చిన్నమ్మ పేరు తప్ప. "అయితే ఆమెకు సూది ఇవ్వలేదా?" అన్నారు. ఇన్నాళ్ళూ ఊరందరిలాగా ఆయన కూడా నమ్మారని అప్పుడు అర్థమైంది.

"చేసినందుకు పశ్చాత్తాపం ఉందా అమ్మా?"

"బాధ ఉన్నది ఫాదర్. రేపు మళ్ళా గట్లనే నొప్పితోని కొట్టుకుంటె, మళ్ళా గదే చెప్త."

"అయితే పశ్చాత్తాపం లేదు."

"లేదు."

"ఉందని చెప్పి పోవచ్చు కదా. చాలామంది అలాగే పోతారు."

"మీకు గూడ అబద్ధం చెప్పాల్నా ఫాదర్?"

ఆయన నిట్టూర్చారు. ఇవాళ నేను విమోచనం ఇవ్వలేను, కానీ నిన్ను పొమ్మనడం లేదు, మళ్ళీ రా, నీకోసం నేనూ ప్రార్థిస్తాను అన్నారు. 

4 ఏప్రిల్, మ్రానికొమ్మల ఆదివారం

అందరూ కొమ్మలు పట్టుకుని గుడి చుట్టూ తిరుగుతుంటే నేను సమాధుల తోటలో కూర్చున్నాను. బాపు మట్టి ఇంకా ఎర్రగా ఉంది. అమ్మది ఎప్పుడో నేలలో కలిసిపోయింది.

అమ్మా.

ఈపాటికి బాపు నీ దగ్గరికి వచ్చి ఉంటాడు. అడిగి ఉంటాడు. ఊరుకునే మనిషి కాడు. నవ్వుతూ అడుగుతాడు, నువ్వేం చెప్తావో ముందే తెలిసినట్టు.

నీ నొప్పి నీది. దాని మీద నాకు హక్కు లేదు. నీకున్నది అదొక్కటే, దాన్ని కూడా తీసి ఆయనకు ఇచ్చేశాను. అక్కడ అబద్ధాలు చెల్లవని నాకు నేర్పింది బాపే. బతికినన్నాళ్ళూ ఆయనకు నువ్వు ఎదురు చెప్పలేదు. సరే అన్నావు, సరే అన్నావు, కొంగు కుక్కుకున్నావు. ఇప్పుడన్నా నిజం చెప్పాలని నీకుంటుంది. చెప్పే న్యాయం నీకుంది.

అయినా అడుగుతున్నాను. అవునను అమ్మా. సూది ఇచ్చారను. మంచిగ పండుకున్ననను.

జర, నా కోసం.